కుడిపక్క కుర్చీ ఖాళీ

గవర్నర్‌పేటలో ఒక పాత బిల్డింగు మెట్ల కింద ముప్పై ఏళ్లుగా అర్జీలు టైపు చేస్తున్న బాలశౌరి, ఆ మంగళవారం ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అవే మెట్లెక్కాడు. మూడు నెలలుగా ఒక్క అర్జీ రాలేదు. జనం నోటితో చెబితే ఫోనే రాసిపెడుతోంది మరి! పైన కంప్యూటర్ సెంటర్లో డేటా ఎంట్రీ పరీక్ష. పాసైతే ఉద్యోగం, లేకపోతే ఇల్లు గడవదు. భార్య సంపూర్ణమ్మ గుణదల మాతకు కొవ్వొత్తి మొక్కుకుని మరీ పంపింది.

"కంగారు పడకండి అంకుల్, మామూలు టైపింగే," అంది సెంటర్ నడిపే దీవెన.

"కంగారేముందమ్మా, మిషను వైపు చూడకుండానే కొడతాను."

అన్నట్టే చూడలేదు. అక్కడే కొంప మునిగింది.

మొదటి లైను చివరికొచ్చేసరికి అలవాటు కొద్దీ ఎడమచెయ్యి లేచింది. టైపు మిషన్లో లైను అయ్యాక పక్కనున్న మీటను కుడివైపుకి ఒక్క తోపు తోయాలి. ఇక్కడ మీట లేదు గనక ఆ తోపు మానిటరుకు తగిలింది. మానిటరు వెళ్లి కుడిపక్క పరీక్ష రాస్తున్న సత్యశ్రీ టీ గ్లాసు మీద పడింది. టీ వెళ్లి బల్ల కింద ప్లగ్గుల బాక్సులో పడింది. టప్‌మంది. హాలంతా కరెంటు పోయింది.

ఎలక్ట్రీషియన్ లాజరు వచ్చి, ఏదో పీకబోయి మెయిన్ ఫ్యూజు పీకి విరగ్గొట్టాడు. బిల్డింగు మొత్తం చీకటైంది. "సాయంత్రం దాకా ఆశ పెట్టుకోకండి మేడమ్," అని కూడా చెప్పాడు.

"అయ్యో, లెటర్లు!" దీవెన తల పట్టుకుంది. పన్నెండింటికి ఇరవై మంది విద్యార్థులు గన్నవరంలో ఇంటర్వ్యూకి బయల్దేరాలి. ఇక్కడ కోర్సు చేసినట్టు తలా ఒక సెంటర్ లెటర్ కావాలి, చేతిరాత ఒప్పుకోరు. ఫైళ్లన్నీ చచ్చిన కంప్యూటర్లో ఉన్నాయి.

బాలశౌరికి ఏడుపొచ్చింది. తన ఉద్యోగం పోతే పోయింది, ఇరవై మంది ఉసురు కూడానా? గబగబా దిగి, తన మిషను మోసుకొచ్చి కిటికీ దగ్గర పెట్టాడు.

"పేర్లు చెప్పమ్మా."

పదకొండున్నరకల్లా లెటర్లన్నీ అయిపోయాయి. విద్యార్థులు చుట్టూ మూగి, ఆయన పది వేళ్లనూ నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"మావాళ్లు ప్రతిచోటా స్పీడు దగ్గరే పోతున్నారండీ. ఫోన్లు నొక్కీ నొక్కీ ఒక్కొక్కళ్లకీ రెండు బొటనవేళ్లే మిగిలాయి. నేర్పుతారా?" అంది దీవెన.

"నేను ఫెయిలయ్యాను కదమ్మా?"

"ఫెయిలయ్యింది అంకుల్ కదా, మాస్టారు కాదు. మాస్టారికి పరీక్ష లేదు."

అపాయింట్‌మెంట్ ఆర్డర్లో ఒకటే షరతు: మాస్టారికి కుడిపక్క ఎవరూ కూర్చోకూడదు. ఆ ఆర్డరు కూడా బాలశౌరే టైపు చేసుకున్నాడు. కరెంటు ఇంకా రాలేదు.