దొర కుబుసం

...పోయినవాళ్లు చొక్కాలు వదిలిపెడతారు, చెప్పులు వదిలిపెడతారు, తాళంచెవి దొరకని పెట్టెలు వదిలిపెడతారు. బల్లిని వదిలిపెట్టి పోయిన మనిషి ఈ లోకంలో ఇంకెవరైనా ఉన్నారా అని గాజుపెట్టె ముందు కూర్చుని ఆలోచిస్తోంది సునంద. ఉంటే ఆ ఇంటి ఆడమనిషిని ఒకసారి చూడాలి. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోనక్కర్లేదు. ఊరికే పక్కపక్కన కూర్చుంటే చాలు.

ఆమె భర్త రాఘవేంద్ర గుంతకల్లులో రైలు గార్డు. పసుపు ఒంటి మీద నల్లచుక్కలున్న ఈ విదేశీ బల్లిని బెంగళూరులో కొని తెచ్చి, దొర అని పేరు పెట్టాడు. ఆస్పత్రిలో ఆఖరిసారి కళ్లు తెరిచి అడిగింది కూడా, "దొర నీళ్లు తాగినాడా?" అని. సునంద తాగిందా అని అడగలేదు. ఆ మాట ఏడాదిగా ఆమె లోపల అరగకుండా ఉండిపోయింది. ఏడుపు రాలేదు. బంధువులు రాయి అన్నారు. కాబోలు అనుకుంది.

ఈరోజు అతని సంవత్సరీకం. అత్త సుబ్బలక్ష్మమ్మ, బావ లక్ష్మన్న కొత్తచెరువు నుంచి వచ్చేలోపల దొర సంగతి చూడాలని పొద్దున్నే అనుకుంది. అది కుబుసం విడవలేక అవస్థ పడుతోంది. వానలు మొహం చాటేసిన బుక్కరాయసముద్రం ఊళ్లో గాలికి తడి ఎక్కడిది? ఒంటి మీది పొర ఎలాగో ఊడింది గానీ కాలివేళ్ల దగ్గర ఉంగరాల్లా బిగుసుకుపోయింది. ఒక వేలి కొస నల్లబడుతోంది. అలాగే వదిలేస్తే వేళ్లు రాలిపోతాయి. రాఘవేంద్ర అయితే గోరువెచ్చని తడిలో నాననిచ్చి, చూపుడువేలితో నిమిరి తీసేవాడు. సునంద దాన్ని ఒట్టి చేత్తో ఎన్నడూ ముట్టలేదు. పురుగులు వేసేది పటకారుతో, ఎత్తేది గరిటెతో. ఆయన ఉన్నన్నాళ్లు దానికి గోరు కూడా పోలేదు. తన చేతికొచ్చిన ఏడాదికే వేళ్లు పోతే, ఆ ఆఖరి ప్రశ్నకు జవాబు అదే అవుతుందని ఆమె భయం.

తువ్వాలు తడిపి, దొరను అందులోకి జార్చి, వదులుగా చుట్టి వసారాలో స్టూలు మీద పెట్టింది. నువ్వులు కడగడానికి లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే తల్లీకొడుకులు వచ్చారు. బస్సు దిగి నడిచి వచ్చిన లక్ష్మన్న తల పెనంలా కాలుతోంది. ఎండన పడి వచ్చే మగవాళ్ల కోసం గుమ్మంలో తడితువ్వాలు పెట్టడం ఆ ఇంటి అలవాటు. "సునందకు తెలివుండాది," అని మెచ్చుకుని తలకు పాగా చుట్టేసి, కళ్లు మూసుకున్నాడు.

"పానం లేసొచ్చిండాదమ్మా."

"పానం సంగతేమో గానీ, నీ పాగా కదుల్తాండాది రా," అంది సుబ్బలక్ష్మమ్మ.

మడతలోంచి ఒక చుక్కల తల అతని నుదుటి మీదికి వాలి, నాలుకతో కనుబొమను తడిమి, మళ్లీ లోపలికి పోయింది.

"తల మీద బల్లి," అంది సుబ్బలక్ష్మమ్మ మెల్లగా. అంటే చావు. ఒక కొడుకు సంవత్సరీకం నాడు రెండో కొడుకు గురించి ఆ మాట నోటితో చెప్పలేక ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

సునంద పరుగెత్తుకొచ్చింది. "బావా, కదలొద్దు. దాని కాలివేళ్లు..."

"నా పానం పోతాంటే దాని కాలివేళ్లా నీకు?"

"అది మన బల్లి కాదు బావా. పంచాంగంలో రాసింది గోడబల్లికి. ఇది గోడే ఎక్కలేదు."

"గోడెక్కలేనిది నా నెత్తికెక్కిందంటే, ఇంగ అదెంత శకునమో నువ్వే చెప్పు." తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు కంచికి పోయినావు గదా. ఆ గుళ్లో బల్లుల్ని ముట్టినోళ్లు ముడితే దోషం పోతాదంటారు. నన్ను ముట్టు."

ఆమె తువ్వాలు కొసను ముట్టి ఆగిపోయింది. "బంగారుబల్లిని ముట్టినా నాయనా. వెండిదాన్ని ముట్టేలోపల వెనకోళ్లు తోసేసిరి."

"అట్లయితే సగం పోతాదా?"

"ఏ సగం పోతాదో నాకెట్ల తెల్సు రా."

ఇక తలస్నానమే దిక్కు. తువ్వాలు విప్పే ధైర్యం లేక లక్ష్మన్న పాగాతోనే స్నానాలగదిలో దూరి గడియ వేసుకున్నాడు.

"బావా, ఆ డ్రమ్ము నీళ్లు వంటకు, తర్పణానికి. ట్యాంకరు రేపు గానీ రాదు," సునంద తలుపు కొట్టింది. లోపల ఏడాదిలో ఆ ఊరు చూడనంత వాన పడుతోంది.

పాగాను అలాగే మూలకు జారవిడిచి అతను బయటికి రాగానే తల్లి అతన్ని కావలించుకుని ఏడ్చింది.

"ఏమ్మా ఇది? తువ్వాలు ముట్టిన చేత్తోనే మళ్లీ పట్టుకుంటివే," అన్నాడు లక్ష్మన్న నీరసంగా.

దోషం తీరేదాకా ఆ మూలకు పోవద్దని సునందను ఆపి, సుబ్బలక్ష్మమ్మ స్నానం చేసింది. లక్ష్మన్న మళ్లీ చేశాడు. సంవత్సరీకం పెట్టించే అయ్యవారికి ఫోన్ చేస్తే, ఇల్లంతా కడిగి పెట్టండి, వస్తాను అన్నాడు. కడిగారు. ఆయన వచ్చి, చెంబు అడిగి, డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"నీళ్లు లేకుండా తర్పణం ఎట్ల వదిలేదప్పా? పోయినాయప్ప ఊరికే నోరు తెరుచుకోని కూర్చోవాల్నా?"

ఆయన గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. తల్లీకొడుకులు చెరొక బిందె పట్టుకుని, ఒకరికొకరు తగలకుండా దూరం దూరంగా, నీళ్ల కోసం వీధిలోకి పోయారు.

సునంద స్నానాలగది తలుపు తీసింది. లోపల చచ్చిన బల్లి ఉంటుందనే తీసింది. ఎండకు కాగిన డ్రమ్ము నీళ్లు, పైన రేకులు, మూసిన కిటికీ. గది ఆవిరి పట్టి ఉంది. మూలన ముద్దగా పడున్న తువ్వాలు విప్పింది. దొర నిదానంగా కళ్లు తెరిచింది. కాలివేళ్ల మీది పొర నాని, ఉబ్బి, తెల్లగా వదులైపోయింది. తను ఏడాదిగా ఈ ఇంట్లో పుట్టించలేకపోయిన తడిని, బావగారి చావుభయం ఒక్క పూటలో పుట్టించింది.

నల్లబడ్డ వేలు దక్కుతుందో లేదో తెలియదు. మిగతావి దక్కుతాయి.

ఆమె తడినేల మీద చతికిలబడింది. చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాచింది. ఒట్టి చూపుడువేలితో దొర కాలిని నిమిరింది. అది చల్లగా, మెత్తగా, మామూలుగా ఉంది. పొర ఉంగరంలా జారి ఆమె వేలికి అంటుకుంది.

దొర మెడ తిప్పి, ఆమె వేలి మీది పొరను నోటితో అందుకుని, నమిలి మింగింది. ఆ రోజు ఆ ఇంట్లో భోంచేసింది అదొక్కటే.