గ్యాస్ బండ మోస్తున్న మనిషి

బావమరిది వెంకన్న తన కొంప ముంచాడని పాపారావు యానాంలో ఎదురుపడ్డ ప్రతివాడికీ చెబుతాడు. తాను పనిచేసే ఐస్ ఫ్యాక్టరీలో చెబుతాడు, చేపల మార్కెట్లో చెబుతాడు, టీ కొట్టు దగ్గర గ్లాసు చల్లారేదాకా చెబుతాడు. వినేవాడు సగంలో లేచిపోతే వాడూ వెంకన్న మనిషేనని తేల్చేస్తాడు.

జరిగింది ఇదీ. గోదారి గట్టు పక్కన సర్కారు జాగాలో పాపారావు ఇల్లు కట్టుకుని ఇరవై రెండేళ్ళయింది. పట్టా లేదు. జూలైలో ఒక మంగళవారం సర్వేవాళ్ళు వస్తారని, ఇంట్లో కాపురమున్న మనిషిని ఫోటో తీసి ఆ పేరునే పట్టా రాస్తారని ముందురోజు ఆటోలో మైకు పెట్టి చెప్పారు. పొద్దున్నే పాపారావు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. ఆ రోజుకు అతను చేయవలసిన పని ఆ కూర్చోవడమే.

అదే అతనికి చేతకాదు. ఎనభై ఆరు వరదనాటికి అతనికి పన్నెండేళ్ళు. "మన దాకా రాదెహే" అని తండ్రి చుట్ట ముట్టించాడు. తెల్లారేసరికి గేదె, ధాన్యం బస్తాలు, చివరికి వీధి తలుపుతో సహా సముద్రం దారి పట్టాయి. అప్పటినుంచి పాపారావు బుర్రలో రెండే వరదలు: పోయినదొకటి, రాబోయేదొకటి. ఈ రెండింటి మధ్యా కాసే ఎండ అతనికి ఏనాడూ ఒంటికి తగల్లేదు.

తొమ్మిదింటికి ఫోనులో ఒక వీడియో వచ్చింది. మొలలోతు నీళ్ళలో జనం. నెత్తిన గ్యాస్ బండ పెట్టుకుని ఒక మనిషి అటు తిరిగి కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు. కింద "యానాం, ఈ సాయంత్రానికి రెట్టింపు" అని రాసుంది.

"పాపం, ఎవడో ముందుచూపు లేనోడు" అని జాలిపడి పాపారావు లేచి పెళ్ళాన్ని కేకేశాడు. "నాగలక్ష్మీ, సామాను కట్టు!"

"ఏవయ్యా, మబ్బు తునకైనా లేదు. సర్వేవోళ్ళొచ్చే వేళయింది."

"వరదలో పడవేసుకొచ్చి రాత్తారేంటే పట్టా? బతికుంటే చూత్తాం!"

వీధిలో ఆంథోనీ ఆటో ఉంది. మెట్టకూరులో చుట్టాల డాబా మీదికి మొదటి ట్రిప్పులో బియ్యం, మంచం, టీవీ వెళ్ళాయి. ఎదురింటి జోసెఫిన్ చూసింది. "పాపారావు కదిలాడంటే ఊరికే కదలడు" అని ఆవిడా మూటలు కట్టింది. ఆవిడను చూసి పక్కింటివాళ్ళు, వాళ్ళను చూసి వెనక వీధివాళ్ళు. రెండో ట్రిప్పుకు వచ్చిన ఆంథోనీ రొప్పుతున్నాడు.

"బాబాయ్, ఊరు ఊరంతా కట్టేత్తన్నారు! ఎవరో బాగా తెలిసినోడే చెప్పాడంట!"

పాపారావుకు ఆ మాట చాలింది. అంత తెలిసినవాడే చెప్పాక ఇంకా అనుమానమేమిటి? ఉలి తెచ్చి వీధి తలుపు కూడా ఊడదీసి ఆటో మీద కట్టాడు. ఫోను తడవకూడదని దుప్పట్ల డ్రమ్ములో అడుగున పెట్టాడు.

వాళ్ళు అటు వెళ్ళిన కాసేపటికి వెంకన్న సంచిలో మెత్తళ్ళ చేపలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. వెంకన్నకు నిన్నా తెలియదు, రేపూ తెలియదు. ఆకలి తెలుసు. ఇల్లు బోసిగా ఉంటే, పోనీలే అని పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, జోసెఫిన్ వదిలేసి వెళ్ళిన దాకలో పులుసు పెట్టాడు.

సర్వే అమ్మాయి తలుపు లేని గుమ్మంలోంచి తొంగిచూసింది. "చెంబు కూడా లేదేంటండీ? ఖాళీ ఇల్లని రాసేస్తున్నాను."

"ఆగండమ్మా, ఆయ్! మా బావకి ఫోన్ చేత్తాను."

ఆరుసార్లు చేశాడు. ఆరుసార్లూ దుప్పట్లు విన్నాయి.

"నాకింకా నలభై ఇళ్ళున్నాయండి. ఎవరి పేరు?"

మెట్టకూరు డాబా మీద నాలుగింటికి మాడు మాడిపోతుంటే నాగలక్ష్మి డ్రమ్ము విప్పి ఫోను తీసింది. వీడియో ఒకసారి చూసింది, రెండోసారి చూసింది.

"ఇదిగో, ఈ గ్యాస్ బండ మోసేది నువ్వే."

"నేనేంటి?"

"రెండేళ్ళనాటి వరద. ఆ గళ్ళ చొక్కా నేను కొన్నదే. ముందు బియ్యం మూటతో పోయేది నేను. ఎవడో పాతది మళ్ళీ పంపాడు."

పాపారావు కళ్ళు చిట్లించి చూశాడు. తన వీపు తాను ఎప్పుడు చూసుకున్నాడు గనక? ఆ పైన ఆరు మిస్డ్ కాల్స్ కూడా చూశాడు.

ఇంటికి పరిగెత్తుకొచ్చేసరికి వెంకన్న చేతులు కడుక్కుంటున్నాడు. "ఖాళీ అని కొట్టేత్తాంటే నా పేరు చెప్పాను బావా. ఫోటో కూడా తీసుకున్నారు. పట్టా రాగానే నీకు రాసిచ్చేత్తాను, అక్క మీద ఒట్టు."

పాపారావు కళ్ళనీళ్ళు పెట్టుకుని వెంకన్నను కౌగిలించుకున్నాడు. ఊడిన తలుపును ఇద్దరూ కలిసే బిగించారు.

నాలుగు నెలలకు పట్టా వచ్చింది. దాని వెనకే వెంకన్న, పెళ్ళాంతో, బీరువాతో వచ్చి ముందు గదిలో దిగాడు. పాపారావు మంచం వెనక వసారాలోకి జరిగింది.

"రాసిత్తానన్నావు కదరా!"

"ఎప్పుడు బావా?"

"అక్క మీద ఒట్టేశావు!"

"అయిపోయిన మాటలు ఇప్పుడెందుకు తవ్వుకోడం?"

"పోనీ, ఎప్పటికి రాత్తావో అదైనా చెప్పు."

"రేపటి సంగతి ఇవాళెందుకు బావా? టీ చల్లారిపోతంది, తాగు."

పాపారావు పెళ్ళాం వంక చూశాడు. నాగలక్ష్మి తమ్ముడి గ్లాసులో ఇంకో చెంచా పంచదార వేస్తోంది.

ఆ ఏడు గోదారి గట్టు దాటలేదు. పాపారావుకు పోయింది మాత్రం రెండున్నర సెంట్ల జాగా, వీధి ముఖం పద్దెనిమిది అడుగులు.