దానం బాబాయికి పని ఇప్పించిన వైనం

"ఈ సంవత్సరం వెళ్లేలోగా కోనసీమలో పని లేని వికలాంగుడు ఒక్కడు కూడా మిగలడు" అని మంత్రిగారు అమలాపురంలో ప్రకటించారు. అది 1981, అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ప్రపంచమంతా తలపెట్టిన మహత్కార్యాన్ని మంత్రిగారు మా తాలూకా నుంచి మొదలుపెట్టడం మా అదృష్టం.

మా పేట మొత్తానికి మొదటి బి.ఏ.ని నేనే. పంచాయతీ సమితి ఆఫీసులో టెంపరరీ గుమాస్తాని. ఆఫీసరు కొండలరావుగారు నన్ను పిలిచారు.

"సాలమోనూ, వచ్చే ఆదివారం మంత్రిగారు స్వహస్తాలతో ఒకడికి పని ఇస్తారు. పని లేని వికలాంగుణ్ణి చూడు. గ్రాడ్యుయేటువి, నీకు వేరే చెప్పాలా?"

అక్కర్లేదు. సైకిలెక్కాను.

కాట్రేనికోనలో కళ్లు లేని లోవరాజు వల బాగుచేస్తున్నాడు. "పని ఏమీ లేదా?" అని అడిగాను. "నాకుందండి. తమకి లేదాండి?" అన్నాడు. కొత్తపేటలో ఒంటిచేతి దుర్గమ్మ చేపలమ్ముతూ, బేరం చెయ్యకుండా అడ్డంగా నిలబడ్డానని తిట్టింది. ఎక్కడికెళ్లినా ఇదే వరస, అందరికీ పనే. దేశం ఇంత వెనకబడి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి మా పేటలోనే దానం బాబాయి గుర్తొచ్చాడు. చిన్నప్పుడే పోలియోతో కాలు చచ్చుబడింది. రాజేశ్వరమ్మగారి దొడ్లో కూర్చుని కొబ్బరిపీచు తాళ్లు పేనే రాట్నం తిప్పుతాడు. ఆయనకీ పని ఉన్నమాట నిజమే గానీ, సొంతమనిషి గనక నచ్చచెప్పుకోవచ్చు.

"బాబాయ్, నువ్వీ పని మానెయ్యాలి."

"మానేసి?"

"మంత్రిగారు పని ఇస్తారు. పని ఉన్నవాడికి పని ఇవ్వడానికి స్కీములో వీల్లేదు."

రాజేశ్వరమ్మగారు అడ్డొచ్చారు. "దానం లేస్తే రాట్నం ఎవరు తిప్పుతారు బాబూ, మంత్రిగారా?"

"ఆదివారం దాకానే అండి."

బాబాయి నా మొహం చూశాడు. "పేటలో చదువుకున్నోడివి నువ్వొక్కడివే. నువ్వు చెప్తే కాదంటానేంట్రా అబ్బాయ్" అని చేతికర్ర అందుకున్నాడు.

మంత్రిగారికి ఢిల్లీలో పని పడి ప్రోగ్రాం వాయిదా పడింది. తరవాత గోదావరికి వరదొచ్చి మళ్లీ వాయిదా. రాజేశ్వరమ్మగారు చూసి చూసి, విషజ్వరంలో చెవులు పోయిన బంగారమ్మని రాట్నం ముందు కూర్చోబెట్టారు. బాబాయి ఇంట్లో గంజి పల్చబడింది.

"నాకు పని లేనట్టు ఇంకా ఎన్నాళ్లుండాలిరా?"

"లేనట్టు కాదు బాబాయ్, ఇప్పుడు నిజంగానే లేదు. నువ్వు పూర్తిగా ఎలిజిబుల్" అని ధైర్యం చెప్పాను.

ఎట్టకేలకు మంత్రిగారు వేంచేశారు. మోకాళ్లనొప్పి కావడంతో ఇద్దరు జబ్బలు పట్టి స్టేజి ఎక్కించారు. ఒకరు కళ్లజోడు తగిలించారు. ఇంకొకరు చెవి దగ్గర చేరి, ఎవరేమంటున్నారో గట్టిగా చెబుతూ నిలబడ్డారు. ఉపన్యాసం నేనే రాసి ఇచ్చాను.

"వికలాంగుడు ఎవరిమీదా ఆధారపడకూడదు!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు.

స్టేజికి మెట్లుండడంవల్ల బాబాయిని కిందే నిలబెట్టాం.

"పని లేక ఎన్నాళ్లయింది?" అన్నారు మంత్రిగారు.

"మూణ్ణెల్లండి."

"అంతకుముందు?"

చెప్పొద్దని బాబాయికి సైగ చేశాను.

"పనుండేదండి. తమరు పనిస్తారని మానిపించేరండి."

కొండలరావుగారు నావైపు చూశారు. చెవి దగ్గరి మనిషి ఆ మాట రెండుసార్లు అరిచాడు. మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు.

"విన్నారా! ఉన్న పని కాలదన్నుకుని వచ్చాడు! ప్రభుత్వం మీద ఇంత నమ్మకం ఏ దేశంలో ఉంది?"

ఈసారి చప్పట్లు ఆగలేదు. బాబాయికి ఒక దండా, ఒక శాలువా, త్వరలో పెట్టబోయే శిక్షణ కేంద్రంలో రాట్నం తిప్పే ఉద్యోగమిస్తామన్న హామీ దక్కాయి. దిగేటప్పుడు మంత్రిగారు నా భుజం మీద చెయ్యి వేశారు. అభినందన అనుకుని పొంగిపోయాను. ఆసరా కోసమట. మెట్లు దిగాక, "వచ్చే మీటింగుకి ఇలాంటివాళ్లు పదిమంది కావాలి" అన్నారు.

మర్నాడే డ్యూటీ మీద రాజేశ్వరమ్మగారి దొడ్డికి వెళ్లాను. ఆవిడ దయ తలిచినట్టున్నారు. ఒక్క రాట్నం పిడిని బాబాయీ బంగారమ్మా ఇద్దరూ పట్టుకుని తిప్పుతున్నారు. నన్ను చూడగానే తిప్పడం ఆపి, పిడిని బిగించి పట్టుకున్నారు.

"సాలమోను గారండీ" అన్నాడు బాబాయి. "ఈవిడికి చెవులు బెమ్మాండంగా వినపడతాయండి. నా కాలు కూడా నిన్నటినుంచి సర్దుకుందండి."

నేనింకా నోరు తెరవనే లేదు.

"ఆయ్!" అంది బంగారమ్మ.