వంద కోట్ల ఏండ్ల పాచి, అండాలు ఇంటి గోడ

సున్నపురాయి గనిల బ్లాస్టింగ్ పెట్టుడంత పుణ్యకార్యం ఇంకోటి లేదు! నవ్వకుండ్రి. మేళ్లచెరువు అవతలి పల్లెల, ఇంట్ల మిషిను కుట్టుకునే అండాలును అడుగుండ్రి.

పగటీలి ధనాల్మంటది. ఇగ చింతచెట్టు ఎక్కే పని లేదు, కాయ అదే రాల్తది. ఎక్కిళ్లు వచ్చినోళ్లకు ఎక్కిళ్లు బందు. అండాలు పెనిమిటి లింగస్వామి తిని ఒరిగితే పొద్దూకేదాక లేవని మనిషి. ఇప్పుడు చెంగున లేచి చెల్కకు పోతుండు! ఇరవై ఏండ్లు ఒర్రినా అండాలుతోని కాని పని అది. పట్నపోళ్లకు ఉన్నదా గిసొంటి సౌలతు?

అన్నిటికంటె పెద్ద మేలు చదువుది. ఒకనాడు బ్లాస్టింగుకు లేచిన రాయిని చూసి, గని ఆఫీసుల రాళ్ల సారు దివాకర్ గంతులేసిండు. రాయి నిండ కోసిన ఉల్లిగడ్డ లెక్క పొరలు. ఊరందర్ని పిలిచి చూపెట్టిండు.

"వంద కోట్ల ఏండ్ల కిందటి పాచి కట్టిన పొరలివి. అప్పుడు చేప లేదు, చెట్టు లేదు. ఇక్కడ మోకాలి లోతు సముద్రం. ఇసొంటి పాచి ఇడిచిన ఆక్సిజన్ తోనే మన ఊపిరి" అన్నడు. అల ఏ దిక్కు నుంచి కొట్టిందో గూడ వేలు పెట్టి చెప్పిండు!

అండాలుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గంత పెద్ద ముత్తాతను ఇన్నేండ్లు కొబ్బరి పీచుతోని గీకినమా అని, రెండు రోజులు నీళ్ల గోలెంల పాచి కడగలే.

మొన్న మంగళారం బ్లాస్టింగుకు ఆమె మిషిను ఎనుక గోడ మీదికెల్లి కిందిదాక చీలింది. చెయ్యి దూరేంత సందు. అది కూలితే ఇల్లూ లేదు, మిషినూ లేదు. నష్టపరిహారం ఇయ్యాల్నా వద్దా చూడనీకి గనోళ్లు పంపింది ఎవర్ననుకున్నరు? మన దివాకర్ సారునే!

అండాలుకు పానం కుదుటపడ్డది. కోట్ల ఏండ్లు చదివినాయనకు మూడొద్దుల పగులు ఒక లెక్కనా? అల్లం వేసి చాయ్ పెట్టింది.

సారు వంగి చూసిండు. టార్చి కొట్టి చూసిండు.

"పాత పగులు లెక్క ఉందమ్మా. ఎప్పటిదో చెప్పడం కష్టం."

అండాలుకు ఒళ్లు మండింది. "మనిషే లేనినాడు అల ఎటుదిక్కు కొట్టిందో ఎరుకాయె. నేను గీడ కూసోని జాకెట్టు కుడుతుండంగ పగిలిన గోడ ఎప్పటిదో ఎరుక కాదా సారూ? పాతదే అంటున్నవు గద, ఎన్ని కోట్ల ఏండ్లదో గా కాయితం మీద రాసి సంతకం పెట్టు!"

సారు పెన్నుకు మూత పెట్టుకున్నడు.

ఆయన్ను ఏమనకుండ్రి. చదువు గొప్పదే. కాకుంటే, గని పుట్టకముందు జరిగినయే ఆ చదువుకు కనపడ్తయి!