నీలం నగర్‌లో నీటి స్కూటర్

మీరే న్యాయం చెప్పండి. మొగుడు ముచ్చటపడి ఒక నీటి స్కూటర్ కొంటే అందులో తప్పేముంది?

డ్యాం దగ్గర రిసార్టు వాళ్ళు మూలన పడేసిన పాత బండి అది. చక్రాలుండవు, నీళ్ళ మీద రయ్యిమని పోతుంది. బాగుచేసి ఆదివారాలు హిప్పరగా చెరువులో జనాన్ని తిప్పుదామని నా ఆలోచన. టెంపోలోంచి దింపగానే గల్లీ అంతా మూగింది. మా ఆవిడ రూపాలి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"అహో, మన నల్లాకు నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తయి. దీన్ని ఏడ నడుపుతరు, బకెట్లనా?"

చూశారా! విషయం వినకముందే బకెట్!

"చెరువుల నడుపుత. గల్లీ అందర్నీ తిప్పుత" అన్నాను, అందరికీ వినపడేలా.

"ముందుగాల నా జాగాలకెళ్ళి తియ్యుండ్రి."

ఆవిడ జాగా అంటే మా వాకిలి. వెలుతురు బాగుంటుందని అక్కడే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది. బండి టాంకులో ఏనాటిదో పెట్రోలు మురిగి కంపు కొడుతోంది. ఆ కంపు తంబాకుకు పట్టిందని కార్ఖానాలో ఆవిడ బీడీ కట్టలు వాపసు చేశారట. దానికి నన్నంటే ఎలా? కంపు నాదా, పెట్రోలుదా?

"ఈ వాసనకు నా పని మునుగుతున్నది. శనివారం దాకా చూస్త. గల్లీ ముందర ఇంజన్ చాలూ చెయ్యుండ్రి. కాకుంటే పాత ఇనుము కొనే భంగార్ వానికి ఏసేస్త" అంది.

"చాలూ అయితే?"

"మీ ఇష్టం. నేను నోరు తెరువ."

మా పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. వెంటనే ఒప్పేసుకున్నాను.

పాత పెట్రోలు వంపేశాను. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ చక్కగానే వస్తోంది. అంటే లోపం పెట్రోలు వచ్చే దారిలోనే ఉందన్నమాట. ఆ దారిలో ఫిల్టరు పగిలి ఉంటే పీకి పారేశాను. టవళ్ళు నేసేవాడి ఇంట్లో వడగట్టడానికి బట్టకు కరువా? మా సాంచా మగ్గం మీది నుంచి అప్పుడే దిగిన గులాబీరంగు టర్కీ టవల్ తెచ్చి, కొత్త పెట్రోలూ ఆయిలూ కలిపి అందులోంచి పోశాను.

మీట నొక్కితే బండి గుర్రుమంది. గల్లీ చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగకముందే బండి దగ్గి ఆగిపోయింది.

కార్బొరేటర్ ఊడదీసి, ఊది, బిగించాను. ఈసారి టవల్ రెండు మడతలేసి మరింత శ్రద్ధగా వడగట్టాను. ఇంకా తొందరగా ఆగింది. నాలుగు మడతలేస్తే అసలు గుర్రుమననే లేదు!

ఇదేం అన్యాయమండీ? మనిషి శ్రద్ధ పెంచేకొద్దీ బండి మొండికేయడమా? పెట్రోలు బంకు వాణ్ణి తిట్టాను, అమ్మినవాణ్ణి తిట్టాను, చప్పట్లు కొట్టి దిష్టి పెట్టినవాళ్ళని కూడా తిట్టాను. రూపాలి తల ఎత్తకుండా బీడీలు చుట్టుకుంది.

శనివారం ఇక గతిలేక కిక్కు తుషార్‌ని పిలిచాను. మా గల్లీ మెకానిక్. ఏ బండి వచ్చినా ముందొక తన్ను తన్నిగాని పని మొదలుపెట్టడు, అందుకే ఆ పేరు. తన్నడం అయ్యాక కార్బొరేటర్ మూత విప్పి, లోపలి జల్లెడ లాంటి చిన్న జాలీలోంచి గులాబీరంగు ముద్ద ఒకటి లాగాడు.

"కాకా, ఇందుల టవల్ ఉన్నది."

"టవల్ నా భుజం మీద ఉన్నది కదరా."

"సగం ఇందులనే ఉన్నది."

ఉతకని కొత్త టవల్ నూగంతా పెట్రోలుతో పాటు లోపలికి దిగి కూర్చుందట. సాంచాల దగ్గర ముక్కులో నూగు, చెవిలో నూగు, అన్నంలో నూగు. ఇంత నూగులో బతికేవాడికి ఇంకాస్త నూగు ఎలా కనపడుతుందండీ?

తుషార్ జాలీ కడిగి, కొత్త ఫిల్టరు పెట్టి, ఇంజన్ వేడెక్కకుండా డ్రమ్ము నీళ్ళ పైపు తగిలించి మీట నొక్కాడు. బండి గల్లీ అదిరేలా అరిచింది. ఆగలేదు!

"చాలూ అయింది! ఇప్పుడేమంటవ్?" అన్నాను మీసం దువ్వి.

"ఏమంట? మీరే గెలిచిండ్రు" అని నవ్వింది రూపాలి. ఆ నవ్వే నాకు నచ్చలేదు. తర్వాత గల్లీ వైపు తిరిగింది. "రేపు అందరం హిప్పరగాకు పోదాం. మా ఇంటాయన చెరువు నడిమిట్ల దాకా పోయొస్తడు. టెంపో సుత చెప్పిన!"

జనం ఈలలేశారు. ఆవిడ నా చెవి దగ్గరకొచ్చి మెల్లగా అంది.

"మీకు ఈత రాదని ఎవ్వరికీ చెప్పలే."

నా మీసం దానంతటదే కిందికి దిగింది. ఈ కరువు ఊళ్ళో పుట్టినవాడికి ఈత ఎవరు నేర్పుతారండీ? ఆ మాట పెళ్ళాం గుర్తు చేయాలా?

అప్పుడే గుంపులోంచి తెల్లచొక్కా మనిషి ఒకాయన ముందుకొచ్చాడు. పేరు ఋషికేశ్ అట, డ్యాంలో పడవలు నడుపుతాడట.

"భంగార్ అయితే నాకొద్దు. నడిచే బండి గన్క అడుగుతున్న. నాకు అమ్ముతరా?"

"నాకు మనసొప్పదు. మీరు గంతగనం బతిలాడుతున్నరు గన్క ఇస్తున్న" అన్నాను. ఆయన ఒక్కసారే అడిగాడు, అది వేరే సంగతి.

గల్లీ ఉసూరుమంది. నేను త్యాగమూర్తిలా నిలబడ్డాను. రేపటికని చెప్పిన టెంపో ఈవాళే గల్లీ చివర నిలబడి ఉంది. బండి అందులోకి ఎక్కింది. రూపాలి వాకిలి ఊడ్చి, చాట పెట్టుకుని, లోపల్నుంచి చాయ్ తెచ్చింది. ఆ మనిషి పేరు నాకు తెలిసి పది నిమిషాలు కూడా కాలేదు.

"తీస్కోండ్రి భావూ" అని ఆయనకు కప్పు అందించింది. "మీకు చక్కెర బంద్ కదా, ఎయ్యలే."