ఈ కోర్టుకు అధికారం లేదండీ

ఆ ఉదయం గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. నీటి సరఫరా ఆఫీసులో పైకప్పు కారుతున్న చోటు నుంచి తన బల్లను మూరెడు పక్కకు జరపడం. జరిపాడు. ఫైళ్లు తడవలేదు. ఆ సంతోషంలో, ఆఫీసరుగారి గది తలుపు ఇక సగమే తెరుచుకుంటుందన్న సంగతి చూసుకోలేదు. ఆఫీసరుగారు సగం తలుపులో పట్టే మనిషి కారు.

"ఏమయ్యా, దారికి అడ్డంగా బల్ల పెట్టి నిరసనా?" అని ఆయన సందులోంచే అరిచారు.

"నిరసన కాదండీ, పైనుంచి నీళ్లండీ!"

ఈలోగా వరండాలో టీ తాగుతున్న యూనియన్ కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. "నాతో ఒక్క మాటైనా అనకుండా నిరసనేంటి బావా? సరేలే, నేనున్నాగా!" అంటూ జెండాతో సహా బల్లెక్కి కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా గుమాస్తాకు ఊరవతలి పంపుహౌసుకు బదిలీ ఉత్తర్వు అందింది.

గుమాస్తా దిగులంతా అమ్మ గురించే. ఆవిడకు చూపు లేదు. ఇల్లు పక్క వీధిలోనే కాబట్టి రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆవిడకు భోజనం పెట్టి, కాసేపు పేపరు చదివి వినిపించి వచ్చేవాడు. పంపుహౌసు నుంచి అది కుదరదు.

తప్పు తనదేనని కార్యదర్శి వకీలును కుదిర్చాడు. ఎక్కడో ఒకచోట తేలేదాకా గుమాస్తాను ఉన్నచోటే ఉండమంది సివిల్ కోర్టు. ఆఫీసరుగారి వకీలు లేచి, "ఇది ఉద్యోగ వివాదం, ఈ కోర్టుకు అధికారం లేదండీ" అని గెలిచాడు. కార్మిక కోర్టులో, "ఈయన ప్రభుత్వోద్యోగి, ఈ కోర్టుకూ అధికారం లేదండీ" అని గెలిచాడు. ఉద్యోగుల ట్రిబ్యునల్లో, "యూనియన్‌తో ఒప్పందం ఉంది, ఫిర్యాదుల కమిటీయే వినాలి" అని మళ్లీ గెలిచాడు. ఆఫీసరుగారు ఆఫీసంతా బిస్కెట్లు పంచారు. గుమాస్తాకు రెండిచ్చారు.

"ఏరా, ఇవాళెవరు కాదన్నారు?" అంది అమ్మ.

"ట్రిబ్యునలమ్మా. మర్యాదగానే అన్నారు."

"మర్యాదగా అన్నారుగా, ముందు తిను."

ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలు ఒప్పందం తెరిచి చదివారు. "బదిలీ చేసిన నలభై రోజుల్లో ఆఫీసరు కారణాలు ఈ కమిటీకి రాసివ్వాలి. లేకపోతే ఉత్తర్వు చెల్లదు. ఎన్ని రోజులైంది?"

"ఏడు నెలలండీ. కోర్టుల్లో తిరుగుతున్నాం కదా మేడం," అన్నాడు ఆఫీసరుగారి వకీలు.

"ఆ కోర్టులకు అధికారం లేదని వాదించిందెవరు?"

"మేమేనండీ."

"ఒప్పుకున్నారా వాళ్లు?"

"మూడు తీర్పులూ పట్టుకొచ్చామండీ," అన్నారు ఆఫీసరుగారు గర్వంగా. వకీలు ఆయన చొక్కా లాగాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

"అధికారం లేని చోట మీరు గడిపిన రోజుల్ని లెక్కలోంచి నేనెలా తీసేస్తానండీ? బదిలీ రద్దు!"

కార్యదర్శి వేసిన ఈల వీధి చివరిదాకా వినిపించింది. గుమాస్తా ఆగలేదు. భోజనం వేళ దాటకముందే ఇల్లు చేరి, ఆ రోజు పేపరుకు బదులు కమిటీ తీర్పు చదివి వినిపించాడు. అమ్మ రెండోసారి కూడా చదివించుకుంది.

ఆ వివాదంలో తాను ఒక్క కోర్టులోనూ ఓడిపోలేదని ఆఫీసరుగారు ఇప్పటికీ చెబుతుంటారు, అది నిజం కూడాను.