వివక్ష నిర్మూలన కమిటీకి ఒక యూదుడు కావలెను

శనివారం సాయంత్రం నాలుగు గంటల నుంచి జర్మనీలోని కొలోన్ తెలుగు మిత్ర మండలిలో వివక్ష రద్దయిందని అధ్యక్షుడు చలపతి ప్రకటించారు. మూడూ యాభై తొమ్మిది దాకా సంగతేమిటని ఎవరూ అడగలేదు. చప్పట్లు మాత్రం కొట్టారు.

ఇంత పెద్ద సంస్కరణకు కారణం ఉగాది. వివక్షకు వ్యతిరేకంగా ఏదైనా కార్యక్రమం చేసే సంఘాలకే ఈ ఏడాది నుంచి మునిసిపాలిటీ హాలు ఇస్తారట. చలపతి అప్పటికే రెండొందల కుటుంబాలను పిలిచేశారు. హాలు పోతే అధ్యక్ష పదవీ పోతుంది.

"వేదిక మీద ఒక యూదుణ్ణి కూర్చోబెట్టి శాలువా కప్పుదామండి. వాళ్లంటే నాకెంత గౌరవమో! ప్రపంచమంతా వాళ్ల గుప్పిట్లోనే ఉంది కదా," అన్నారు చలపతి.

"అదీ వివక్షే కదండీ," అంది కార్యదర్శి సుభద్ర.

"పొగిడితే వివక్షెలా అవుతుందమ్మా?"

"ముక్కు చూస్తే తెలుస్తదంట అన్నా," అన్నాడు కోశాధికారి భార్గవ్.

చలపతికి ఒళ్లు మండింది. "సిగ్గుందా నీకు? మొహం చూసి మనిషిని అంచనా వేస్తావా? మర్యాదగా మన పద్ధతిలో కనుక్కోవాలి."

మన పద్ధతి తెలిసిందే. కులమేమిటని పెద్దమనుషులెవరూ అడగరు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, చివర్లో నాన్‌వెజ్ తింటారా అంటారు. ఈ విద్యలో చలపతికి సాటి వచ్చేవారు రైన్ నదికి ఈ ఒడ్డున లేరు.

వారం రోజుల్లో ఆయన ఆఫీసులో పదకొండు మందిని, పళ్ల డాక్టరును, ట్రామ్‌లో పక్కన కూర్చున్న ముసలామెను ఇంటిపేరూ, తాతగారి ఊరూ, యూదులు ముట్టని పంది మాంసం సంగతీ అడిగారు. డాక్టరు అపాయింట్‌మెంట్ రద్దు చేశాడు. ముసలామె తన స్టాప్ రాకుండానే దిగిపోయింది.

ఆదివారం మునిసిపాలిటీ అధికారి ఫ్రావ్ లిండ్నర్ హాలుకు వచ్చింది. ముఖ్య అతిథి ఎవరని అడిగితే చలపతి 'యూదులెవరు?' అని పైన రాసిన ఇంటిపేర్ల జాబితా గర్వంగా ఆమె చేతిలో పెట్టారు. ఆమె మొహం పాలిపోయింది.

"ఈ దేశంలో... మళ్లీ ఇలాంటి జాబితా రాశారా?"

"ఇంకా పూర్తి కాలేదండి," అన్నారు చలపతి వినయంగా.

అక్కడే కుర్చీలు వేస్తున్న హాలు కేర్‌టేకర్ మార్టిన్ గొంతు సవరించుకున్నాడు.

"నేను యూదుణ్ణే. ఆరేళ్లుగా వీళ్ల ఉగాది పచ్చడి తింటున్నాను. చెడ్డవాళ్లు కాదు మేడమ్. నేను వేదిక మీద కూర్చుని నాలుగు మాటలు చెబుతాను, హాలు ఇవ్వండి."

ఫ్రావ్ లిండ్నర్ జాబితాను మడిచి పక్కన పెట్టింది. "మీ మాట మీద," అని సంతకానికి పెన్ను తీసింది. పక్కనే ఉన్న సుభద్రకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

చలపతి మాత్రం మార్టిన్ నీలం యూనిఫామ్‌ను, చంకలోని మడత కుర్చీని ఎగాదిగా చూశారు. అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"మీరేమీ అనుకోకండి మార్టిన్‌గారూ. మీకు తెలిసినవాళ్లలో అసలైన యూదుడు ఎవరైనా ఉన్నారా?"

ఫ్రావ్ లిండ్నర్ పెన్నుకు మూత పెట్టేసింది.